తోట గేటు దాకా కెమెరా కేబుల్: భూమిలో పూడ్చే ముందు తేల్చుకోవలసినవి

అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోటలోనే ఇల్లు కట్టుకున్న రైతుకు కూడా ఇంటి నుంచి తోట గేటు దాకానో, బోరు దగ్గరి స్టార్టర్ డబ్బా దాకానో కొలిస్తే 150 మీటర్లో 200 మీటర్లో రావడం మామూలే. బోర్ల దగ్గర కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి తీగ దొంగల పాలవుతున్నాయి. కాయ కోతకు వచ్చే నెలల్లో రాత్రి కాపలాకు మనిషి దొరకడం కష్టమవుతోంది. అందువల్ల గేటు దగ్గరొకటి, బోరు దగ్గరొకటి కెమెరా పెట్టించుకోవాలనుకునేవారు ఎక్కువవుతున్నారు. కెమెరాను ఎంచుకోవడంలో పెద్ద ఇబ్బంది లేదు. దాన్ని ఇంట్లోని రికార్డరుకు కలిపే కేబుల్ దగ్గరే చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే పూడ్చిన కేబుల్‌లోని లోపం చాలాసార్లు మొదటి వానాకాలం గడిచాక గానీ బయటపడదు, అప్పటికి పైన మట్టి గట్టిపడి, పక్కన మొక్కలు వేళ్లూని ఉంటాయి.

స్తంభాల మీదుగా లాగితే ఖర్చు తక్కువ. కానీ ఎండకు కేబుల్ పైతొడుగు పెళుసుబారుతుంది, గాలికి ఊగి కట్టుల దగ్గర ఒరుసుకుపోతుంది, వేరుశనగ కట్టెనో చీనీ కాయల పెట్టెలనో ఎత్తుగా వేసుకొచ్చే ట్రాక్టరుకు ఎప్పుడో ఒకసారి తగులుతుంది. పైగా కంటికి కనిపించే కేబుల్‌ను దొంగ ముందుగా కోసి ఆ తర్వాతే లోపలికి వస్తాడు. అందుకే భూమిలో వేయాలనే ఆలోచన సరైనదే.

అయితే “ఏ కేబుల్ వేయాలి?” అని దుకాణంలో అడిగితే ఒక్క మాటలో వచ్చే జవాబు సరిపోదు, ఎందుకంటే ఆ ప్రశ్నలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. బొమ్మ ఎంత దూరం వెళ్లగలదనేది మొదటిది. కెమెరాకు కావలసిన కరెంటు ఎంత దూరం వెళ్లగలదనేది రెండోది. పిడుగులు పడే రోజున ఆ తీగ వెంట ఇంట్లోకి ఏమి రాగలదనేది మూడోది. మొదటి రెండింటి గురించి చాలామంది ఆలోచిస్తారు, మూడోదాన్ని అడిగేవారు తక్కువ. మన నేలల్లో మాత్రం కేబుల్ ఎంపికను తేల్చవలసింది ఆ మూడో ప్రశ్నేనని నా నిశ్చితాభిప్రాయం.

దూరం, కరెంటు

నేటి ఐపీ కెమెరాలకు, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ మీద పనిచేసేవాటికి, వాడే క్యాట్5ఈ, క్యాట్6 రాగి కేబుళ్లకు ప్రమాణాలు పెట్టిన హద్దు 100 మీటర్లు. అందులో 90 మీటర్లు స్థిరంగా వేసే కేబుల్‌కు, మిగిలిన 10 మీటర్లు రెండు చివరలా పరికరాలకు తగిలించే పొట్టి ప్యాచ్ తీగలకు. 120, 130 మీటర్ల దూరంలో కూడా బొమ్మ వచ్చిందని చెప్పేవారి మాట అబద్ధం కాదు. మంచి రాగి కేబుల్ అయితే, కొత్తలో, పొడి నేలలో అది సాధ్యమే. కానీ ప్రమాణం ఆ హద్దు పెట్టింది కేబుల్ వేడెక్కినా, కొంత పాతబడినా, చివరల్లో కొద్దిపాటి లోపాలున్నా సంకేతం చెడకుండా ఉండటానికి. ఆ వెసులుబాటును దూరం కోసం మొదటి రోజే వాడేసుకుంటే, మే నెల వేడికీ అక్టోబరు తేమకీ తట్టుకునే శక్తి ఇక మిగలదు. పాత తరహా హెచ్‌డీ అనలాగ్ కెమెరాలకు వాడే కోయాక్సియల్ కేబుల్, అంటే మార్కెట్లో 3+1 అని అడిగి కొనేది, నాణ్యమైనదైతే బొమ్మను 100 మీటర్లకు మించి బాగానే మోసుకెళుతుంది. అక్కడ దెబ్బతినేది బొమ్మ కాదు, దాని పక్కనే ఉన్న సన్నటి కరెంటు తీగలు.

ఈ విషయం అర్థం కావాలంటే చిన్న లెక్క వేయాలి. క్యాట్5ఈ కేబుల్‌లో నాలుగు జతలుగా ఉండే 24 గేజీ రాగి తీగకు 100 మీటర్లకు సుమారు 8.4 ఓముల నిరోధం ఉంటుంది. కరెంటు పోయే తీగ, తిరిగివచ్చే తీగ కలిపితే 16.8 ఓములు. 6 వాట్ల కెమెరాను 12 వోల్టుల అడాప్టరుతో ఒక్క జత మీద నడపాలంటే 0.5 ఆంపియరు ప్రవహించాలి, అంటే దారిలోనే 8.4 వోల్టులు పోతాయి, అవతలి చివర మిగిలేది 3.6 వోల్టులు. ఆ వోల్టేజీతో కెమెరా మొదలు కూడా కాదు. దూరం ఇందులో మూడో వంతు ఉన్నప్పుడు కనిపించే లక్షణం మరింత తికమక పెడుతుంది. పగలంతా చక్కగా పనిచేసిన కెమెరా చీకటి పడగానే ఆగిపోయి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగిపోతుంటుంది. రాత్రి దృశ్యానికి కావలసిన ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగేసరికి కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, కెమెరా ఆగుతుంది, దీపాలు ఆరగానే వోల్టేజీ పెరిగి తిరిగి మొదలవుతుంది. చాలామంది కెమెరానే చెడిపోయిందనుకుని మార్చేస్తారు.

అదే 6 వాట్లను పీఓఈ పద్ధతిలో, అంటే డేటా తీగల మీదనే 48 వోల్టుల దగ్గర పంపితే, కావలసిన కరెంటు 0.125 ఆంపియరే. రెండేసి తీగలు సమాంతరంగా పనిచేస్తాయి కనుక దారి నిరోధం కూడా సగమవుతుంది. 100 మీటర్లకు పోయేది ఒక్క వోల్టు. 2003లో వచ్చిన తొలి పీఓఈ ప్రమాణం నెట్‌వర్క్ స్విచ్ (కెమెరా కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) దగ్గర 15.4 వాట్లు ఇచ్చి, నష్టం పోగా కెమెరాకు 12.95 వాట్లు అందేలా చూస్తుంది. 2009 నాటి ప్రమాణం 30 వాట్లు ఇచ్చి 25.5 వాట్లు అందిస్తుంది. ఒకే దిక్కు చూసే కెమెరాకు మొదటిది చాలు, తిరుగుతూ జూమ్ చేసే పెద్ద కెమెరాకు రెండోది కావాలి.

ఈ లెక్కలన్నీ తీగ నిజంగా రాగిదైతేనే నిజమవుతాయి. తక్కువ ధరకు దొరికే చాలా కేబుళ్లలో ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం అసలు రాగి కంటే సగానికి పైగా ఎక్కువ, వంపుల దగ్గర సులభంగా విరుగుతుంది, తేమ తగిలిన చోట పూత కింద అల్యూమినియం పొడిపొడి అవుతుంది. ఇంటి గోడ మీదైతే కొన్నాళ్లు నెట్టుకొస్తుందేమో గానీ భూమిలో దానికి చోటు లేదు. తీగ మీద బ్లేడుతో గీస్తే లోపల తెల్లగా కనిపించేది అల్యూమినియం. అంతకంటే నమ్మదగిన పరీక్ష మల్టీమీటరుతో చేయవచ్చు. 305 మీటర్ల కొత్త పెట్టెలో ఒక జతకు చెందిన రెండు తీగలను ఒక చివర కలిపి, రెండో చివర నిరోధం కొలిస్తే, 24 గేజీ అసలు రాగికి 50 ఓముల ప్రాంతంలో రావాలి. 75, 80 వస్తే ఆ పెట్టెను దుకాణంలోనే వదిలి రావడం మేలు.

బోరు దగ్గర కరెంటు ఉంది కదా, అక్కడే అడాప్టరు పెట్టుకుంటే సరిపోదా అని అడిగేవారుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కనెక్షన్లకు మూడు ఫేజుల కరెంటు వచ్చేది పగటిపూట 9 గంటలు. కెమెరా ముఖ్యంగా కావలసింది మిగిలిన వేళల్లో, అందులోనూ రాత్రిళ్లు. కాబట్టి కరెంటు ఇంటి నుంచి వెళ్లాలి, లేదా సోలార్ పలక నుంచి రావాలి.

పిడుగు అసలు ఎక్కడ దెబ్బతీస్తుంది

భూమిలో పూడ్చిన కేబుల్‌కు పిడుగు భయం లేదన్న నమ్మకం బలంగా ఉంది. పిడుగు సూటిగా కేబుల్ మీద పడకపోవచ్చు, కానీ అది నేలను తాకినప్పుడు ఏమి జరుగుతుందో చూస్తే ఆ నమ్మకం ఎందుకు తప్పో తెలుస్తుంది. పిడుగులో 30,000 ఆంపియర్ల కరెంటు ఉండటం అసాధారణం కాదు. ఆ కరెంటు పడిన చోటు నుంచి నేలలో అన్ని దిక్కులకూ పాకుతుంది, నేలకు నిరోధం ఉంది కనుక దగ్గరి నేల వోల్టేజీ ఎక్కువగా, దూరపు నేల వోల్టేజీ తక్కువగా ఆ క్షణంలో లేస్తుంది. ఎండిన గరుసు నేల నిరోధకతను 300 ఓమ్-మీటర్లుగా తీసుకుని, నేలంతా ఒకే తీరుగా ఉందనుకుని లెక్క కడితే, పిడుగు పడిన చోటుకు 50 మీటర్ల దూరంలో నేల సుమారు 28,600 వోల్టులకు, 150 మీటర్ల దూరంలో సుమారు 9,500 వోల్టులకు లేస్తుంది. ఇంటి ఎర్తింగు మొదటి చోట, గేటు దగ్గరి ఇనుప స్తంభం రెండో చోట ఉంటే, ఆ రెంటి మధ్య తేడా 19,000 వోల్టులు. రెండింటినీ కలుపుతూ మధ్యలో ఉన్న లోహపు దారి మనం పూడ్చిన రాగి కేబుల్. నెట్‌వర్క్ పోర్టులలో ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తట్టుకోవలసిందిగా ప్రమాణం చెప్పేది 1,500 వోల్టులు. కెమెరా, స్విచ్, రికార్డరు ఒకేసారి పోయాయని విన్నప్పుడు, వాటిలో ఏ ఒక్కదాని మీదా పిడుగు పడి ఉండకపోవచ్చు. పక్క చేనులో పడినదే చాలు.

మన ప్రాంతంలో ఈ ప్రమాదం ఎక్కువ కావడానికి కారణం నేలలోనే ఉంది. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. నేల ఎక్కువ కాలం ఎండి ఉంటుంది, చాలాచోట్ల కొద్ది లోతులోనే రాయి తగులుతుంది. అటువంటి నేలలో బొగ్గు, ఉప్పు వేసి చేసిన ఎర్తింగు గుంత కూడా వేసవిలో నీళ్లు పోయకపోతే పేరుకే ఎర్తింగుగా మిగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో వచ్చే వానలు సరిగ్గా నేల బాగా ఎండి ఉన్న వేళకే వస్తాయి. సర్జ్ ప్రొటెక్టర్లు పెడితే సరిపోతుందని అమ్మకందారులు చెబుతారు. అవి ఉపయోగకరమైనవే, కానీ అదనపు వోల్టేజీని మళ్లించడానికి వాటికి మంచి ఎర్తింగు కావాలి. ఎర్తింగు బలహీనంగా ఉన్న చోట ప్రొటెక్టరు చేయగలిగింది తక్కువ. షీల్డు, అంటే తీగల చుట్టూ లోహపు తొడుగు, ఉన్న కేబుల్ ఎంచుకుని రెండు చివరలా ఎర్తింగుకు కలిపితే పరిస్థితి ఇంకా చెడుతుంది, రెండు వేర్వేరు నేలలను మన చేతులతో మనమే ముడివేసినట్టు అవుతుంది. స్టార్టర్ డబ్బా దగ్గర న్యూట్రల్ తెగిందనుకుంటే, పిడుగు లేని రోజున కూడా ఆ షీల్డు మీద కరెంటు పారే అవకాశం ఉంది.

అందువల్ల నేను నమ్మే నియమం ఒకటే: ఒకే ఎర్తింగు కింద ఉన్నంత మేరకు రాగి, ఎర్తింగు మారే చోట నుంచి ఫైబర్, అంటే సంకేతాన్ని కాంతిగా మోసే గాజు పోగుల కేబుల్. ఇంటి ప్రహరీ లోపల 30, 40 మీటర్ల దూరంలో ఉన్న గేటుకు, అక్కడ వేరే కరెంటు కనెక్షన్ ఏదీ లేనప్పుడు, మంచి రాగి కేబుల్, ఇంటి చివర ఒక ప్రొటెక్టరు చాలు. అక్కడ కూడా కెమెరాను ఇనుప స్తంభానికి నేరుగా బిగించకుండా మధ్యలో ప్లాస్టిక్ జంక్షన్ పెట్టె పెట్టాలి, ఎందుకంటే నేలలో పాతిన ఇనుప స్తంభం తనంతట తానే ఒక ఎర్తింగు. బోరు గది, నాపరాళ్ల పాలిషింగ్ షెడ్డు, కోళ్ల షెడ్డు, రోడ్డు పక్క గేటు లాంటి చోట్లకు దూరం 60 మీటర్లే అయినా ఫైబరే వేయాలి. గాజు పోగులో కరెంటు పారదు కనుక ఇరుచివరల నేలలు ఎన్ని వేల వోల్టుల తేడాకు లేచినా ఆ దారిలో ఏదీ ఇంట్లోకి రాదు. అందులో రాగి లేదు కనుక తవ్వి తీసుకెళ్లినా దొంగకు పైసా దక్కదు.

ఫైబర్ అనగానే పెద్ద కంపెనీల పని అనుకునే రోజులు పోయాయి. ఊళ్లలో ఇంటర్నెట్, టీవీ ప్రసారాలు ఫైబర్ మీద వస్తున్నందున పోగులను అతికే స్ప్లైసింగ్ యంత్రం ఉన్న మనిషి మండల కేంద్రాల్లోనూ దొరుకుతాడు. సింగిల్ మోడ్ (దూరాలకు వాడే రకం) ఫైబర్ కేబుల్, కాంతినీ విద్యుత్ సంకేతాన్నీ ఒకదాని నుంచి మరొకదానికి మార్చే రెండు మీడియా కన్వర్టర్లు, రెండు చివరలా అతుకు పెట్టెలు, అంతే సామాను. రెండు పోగులు చాలు గానీ నాలుగు పోగులున్న కేబుల్ తీసుకుంటే ఒకటి విరిగినా మళ్లీ తవ్వనక్కరలేదు. సింగిల్ మోడ్ పోగులో కిలోమీటరుకు పోయే కాంతి అరడెసిబెల్ కంటే తక్కువ కనుక తోట ఎంత పెద్దదైనా దూరం సమస్య కాదు. ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇళ్లకు గాలిలో లాగే సన్నటి డ్రాప్ కేబుల్ భూమిలో పూడ్చడానికి తయారైనది కాదు, దాన్ని నేరుగా మట్టిలో వేయకూడదు. ఉక్కు కవచం ఉన్న ఫైబర్ కేబుల్ ఎంచుకుంటే ఆ కవచం కూడా లోహమే కనుక, దాన్ని ఇంటి బయటే కోసి ఆపాలి, లేకపోతే పిడుగుకు మూసిన దారి మళ్లీ తెరుచుకుంటుంది.

ఫైబర్ కరెంటును మోయదు కనుక అవతలి చివర కెమెరాకూ కన్వర్టరుకూ వేరే ఏర్పాటు కావాలి. ఇంటి నుంచి వేరే పైపులో 230 వోల్టుల ఆర్మర్డ్ (ఉక్కు కవచం ఉన్న) కేబుల్ వేయడం ఒక మార్గం, ఇంటి చివర దానికి ఈఎల్‌సీబీ, అంటే కరెంటు నేలకు లీకైతే ఆపేసే బ్రేకరు, తప్పకుండా ఉండాలి, ఆ పని ఎలక్ట్రీషియనే చేయాలి, కాకపోతే ఇంటికీ గేటుకూ మధ్య లోహపు దారి మళ్లీ ఏర్పడుతుంది. సోలార్ మరో మార్గం, మన ఎండలకు అదే నాకు సబబుగా తోస్తుంది. కెమెరా, కన్వర్టరు కలిసి 10 వాట్లు తీసుకుంటాయనుకుంటే రోజుకు 240 వాట్-అవర్లు కావాలి. 100 వాట్ల పలక, నష్టాలు పోగా మామూలు ఎండ రోజున 300 వాట్-అవర్ల దాకా ఇస్తుంది. మబ్బు పట్టిన రెండు రోజులకు సరిపడా 12.8 వోల్టుల, 50 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 640 వాట్-అవర్లు దాచుకుంటుంది. వరుసగా నాలుగు రోజులు తుపాను ముసురు పట్టినప్పుడు కెమెరా ఆగుతుంది, దాన్ని ముందే తెలిసి ఒప్పుకోవాలి, లేదా పలకను రెట్టింపు చేసుకోవాలి.

నీరు

పైపులో వేశాం కనుక కేబుల్ తడవదనే మాట ఎక్కడ విన్నా నమ్మవద్దు. భూమిలో ఉన్న ప్రతి పైపులోనూ ఎప్పుడో ఒకప్పుడు నీరు చేరుతుంది. అతుకుల నుంచి కొంత వస్తుంది, చివరల నుంచి కొంత వస్తుంది, ఏ దారీ లేకపోయినా పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ పైపులోని గాలి వ్యాకోచించి సంకోచిస్తూ తేమను లోపలికి పీల్చుకుంటుంది, అది నీటి బొట్లుగా మారి పల్లంలో నిలుస్తుంది. చీనీ తోటలో డ్రిప్ గొట్టాల పక్కన నేల ఏడాదిలో ఎక్కువ కాలం తడిగానే ఉంటుంది. పైపు కేబుల్‌ను రాపిడి నుంచి, పార దెబ్బ నుంచి కాపాడుతుంది, రేపు మార్చుకునే వీలు కల్పిస్తుంది. నీటిని తట్టుకోవలసింది కేబులే.

ఇంటి లోపలికి తయారైన కేబుల్ పైతొడుగు పీవీసీ. అది తేమను నెమ్మదిగా లోపలికి రానిస్తుంది. బయట పూడ్చడానికి తయారైన కేబుల్ తొడుగు నల్లటి పాలిథీన్, లోపల తీగల మధ్య ఖాళీ అంతా జెల్లీతో నింపి ఉంటుంది. టెలిఫోన్ శాఖ రాగి లైన్ల కాలంలో పూడ్చిన జెల్లీ కేబుళ్లను చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. జెల్లీ ఎందుకంటే, తొడుగు మీద ఒక్కచోట గాటు పడినా ఆ గాటు నుంచి నీరు తీగల సందుల్లో మీటర్ల కొద్దీ పాకుతుంది. జతలోని రెండు తీగల మధ్య గాలి ఉండవలసిన చోట నీరు చేరితే వాటి విద్యుత్ లక్షణం మారిపోయి సంకేతం దారిలోనే బలహీనపడుతుంది. అప్పుడు కెమెరా పూర్తిగా ఆగదు. బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తుంది, వానల్లో చెడి, సంక్రాంతి దాటి నేల ఆరాక తనంతట తానే బాగవుతుంది. ఇలా రుతువును బట్టి వచ్చి పోయే లోపం కనిపిస్తే రికార్డరును, ఇంటర్నెట్‌ను అనుమానించే ముందు కేబుల్‌లో నీటిని అనుమానించాలి. ఫైబర్ కేబుల్‌లోనూ బయటి వాడకానికి చేసినవాటిలో పోగుల గొట్టంలో జెల్లీ ఉంటుంది.

కేబుల్ మధ్యలో, భూమి లోపల, అతుకు ఎంతమాత్రం వేయకూడదు. చుట్టూ ఎన్ని చుట్ల టేపు వేసినా అది వానాకాలానికి ఆగదు. చివరల విషయం కూడా అంతే ముఖ్యం. నెట్‌వర్క్ కేబుల్ చివర ఉండే ఆర్‌జే45 కనెక్టరు కాళ్ల మీద పీఓఈ కరెంటు నిరంతరం ఉంటుంది, అక్కడ తేమ చేరితే లోహం కరిగి పచ్చటి చిలుము పడుతుంది. కనెక్టరును గాలి చొరబడని పెట్టెలో ఉంచి, కేబుల్ ఆ పెట్టెలోకి కింది నుంచే వెళ్లేలా, ప్రవేశానికి ముందు ఒక వంపు కిందికి జారేలా పెట్టాలి, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. సందులు మూయడానికి వాడే సిలికాన్‌లో పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది, వాసన లేని న్యూట్రల్ రకమే తీసుకోవాలి. పైపు ఇంట్లోకి వచ్చే చోట కాస్త బయటి వైపు వాలు ఇచ్చి, నోటిని సీలింగ్ ముద్దతో మూస్తే నీరూ రాదు, చీమలూ బల్లులూ రావు.

నేలను బట్టి కందకం

కందకం ఎంత లోతు తీయాలనే ప్రశ్నకు ముందు దాని మీద నుంచి ఏది నడుస్తుందో చూడాలి. ట్రాక్టరు గొర్రు 15 నుంచి 20 సెంటీమీటర్లు దిగుతుంది, లోతు దుక్కి 30 సెంటీమీటర్ల దాకా వెళుతుంది. కనుక దున్నే చోట 60 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా, బరువు బండ్లు దాటే రస్తా కింద 75 సెంటీమీటర్లు తీయాలి. వీలైతే దున్నే చేనును వదిలేసి గట్టు వెంబడి, రస్తా పక్కన దారి ఎంచుకోవడం ఉత్తమం. నాలుగడుగులు ఎక్కువైనా అదే మంచిది. డ్రిప్ మెయిన్ పైపు కోసం తీసిన కందకంలోనే కేబుల్ పైపు కూడా వేస్తే ఖర్చు కలిసొస్తుందనిపిస్తుంది. కానీ ఆ మెయిన్ పైపు ఎప్పుడో పగులుతుంది, బాగుచేయడానికి వచ్చిన మనిషి గడ్డపారతో తవ్వేది సరిగ్గా అక్కడే. రస్తాకు అది ఒక పక్క ఉంటే ఇది రెండో పక్క ఉండాలి. 415 వోల్టుల మోటారు కేబుల్‌కు కనీసం 30 సెంటీమీటర్ల ఎడం ఉంచి, దాటవలసి వస్తే అడ్డంగా లంబ కోణంలో దాటాలి. రెండింటినీ ఒకే పైపులో వేయడం ప్రాణాలకే ముప్పు.

నల్లరేగడి నేలల్లో, అంటే ఆదోని, కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల వంటి చోట్ల, లోతు కంటే కదలిక పెద్ద సమస్య. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు వేస్తుంది. గట్టిగా లాగి పూడ్చిన కేబుల్‌ను ఆ కదలిక ఏటేటా సాగదీస్తుంది, ముక్కలు ముక్కలుగా అతికిన గట్టి పీవీసీ పైపు అతుకుల దగ్గర ఊడిపోతుంది. ఇక్కడ చుట్టగా వచ్చే హెచ్‌డీపీఈ (వంగే గట్టి ప్లాస్టిక్) పైపును అతుకు లేకుండా ఒకే నిడివిలో వేసి, కింద పైన 10 సెంటీమీటర్ల చొప్పున ఇసుక పోసి, కేబుల్‌ను బిగించకుండా వదులుగా ఉంచి, చివరల్లో ఒకటి రెండు మీటర్లు చుట్టలుగా వదలాలి.

అనంతపురం, కదిరి వైపు ఎర్రటి గరుసు నేలల్లో కదలిక లేదు కానీ రాళ్లున్నాయి. తీసిన మట్టినే తిరిగి తోస్తే అందులోని మొనదేలిన రాయి పైపును ఏళ్ల తరబడి ఒకేచోట ఒత్తుతూ ఉంటుంది. మొదటి పొర ఇసుకతోనో జల్లించిన మట్టితోనో ఉండాలి. బేతంచెర్ల, తాడిపత్రి చుట్టుపక్కల కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లకే బండ తగులుతుంది, 60 తీయాలంటే రాయి పగలగొట్టే బ్రేకరు పెట్టాలి. అక్కడ లోతు కోసం పట్టుపట్టడం కంటే పైపు మీద కప్పు వేయడం మేలు. పాలిషింగ్ యూనిట్ల దగ్గర పగిలిన నాపరాళ్లు గుట్టలుగా పడి ఉంటాయి. ఇసుక పొర మీద వాటిని వరుసగా పరిస్తే పార దెబ్బకు, గడ్డపారకు తట్టుకునే కవచం దాదాపు ఉచితంగా దొరుకుతుంది. విద్యుత్ కేబుళ్ల మీద ఇటుకలో కాంక్రీటు పలకలో పరిచే పద్ధతి ఎప్పటినుంచో ఉంది, మన దగ్గర ఆ పని నాపరాయి చేస్తుంది. దాని పైన కొంత మట్టి తోసి హెచ్చరిక టేపు వేయాలి, తవ్వేవాడికి ముందు టేపు, తర్వాత రాయి, ఆ తర్వాతే పైపు తగలాలి.

పందికొక్కులు, చెదలు ఉన్న తోటల్లో పైపు లేకుండా నేరుగా పూడ్చడం మంచిది కాదు. పైపు పరిమాణం విషయంలో పొదుపు చేయవద్దు. ఒకే కేబుల్‌కు 32 మిల్లీమీటర్లు, భవిష్యత్తులో మరొకటి రావచ్చనుకుంటే 40 మిల్లీమీటర్ల పైపు వేసి, కేబుల్‌తో పాటు ఒక నైలాన్ తాడు కూడా లోపల వదలాలి. వంపులు ఎల్బోలతో కాక పైపునే పెద్ద చుట్టుగా తిప్పి ఇవ్వాలి, 90 డిగ్రీల వంపులు రెండు దాటిన చోట ఒక చిన్న తనిఖీ గుంత కట్టాలి, దాని అడుగున కంకర పోస్తే చేరిన నీరు ఇంకిపోతుంది. క్యాట్6 కేబుల్‌ను లాగే బలం 11 కిలోలు దాటితే లోపలి జతల మెలికలు సాగిపోతాయి. ఇద్దరు మనుషులు పట్టి గుంజాల్సి వచ్చిందంటే ఎక్కడో పైపు నలిగిందని అర్థం, అక్కడ ఆపి చూడాలి.

దారి పొలం దాటి పంచాయతీ రోడ్డును అడ్డంగా తవ్వవలసి ఉంటే పంచాయతీ అనుమతి తీసుకోవాలి. ఆ రోడ్ల పక్కన టెలికాం ఫైబర్లు పోతుంటాయి కనుక, 2023లో కేంద్రం తెచ్చిన కాల్ బిఫోర్ యూ డిగ్ యాప్‌లో ముందుగా నమోదు చేస్తే కింద ఎవరి లైన్లున్నాయో వారి నుంచే తెలుసుకోవచ్చు.

పూడ్చే ముందు

తెరిచి ఉన్న కందకంలోనే పరీక్షలన్నీ పూర్తి కావాలి. రాగి అయితే నాలుగు జతల నిరోధాన్నీ విడివిడిగా కొలవాలి, అన్నీ దాదాపు ఒకేలా రావాలి, ఒక్క జత తేడాగా ఉంటే ఆ కేబుల్‌లో ఎక్కడో గాయం ఉంది. ఫైబర్ అయితే కేబుల్ కొన్నప్పుడు ఒకసారి, పైపులో లాగాక ఒకసారి, అతికాక ఒకసారి ఎర్ర లేజరు కలంతో చూసి, చివరికి కాంతిని కొలిచే పవర్ మీటరుతో నష్టం కొలిపించి ఆ అంకె రాసి ఉంచుకోవాలి. రెండేళ్ల తర్వాత బొమ్మ చెడితే ఆనాటి అంకెతో పోల్చి చూస్తే తప్పు కేబుల్‌లో ఉందో పరికరంలో ఉందో నిమిషాల్లో తేలుతుంది. కెమెరాను ఒక రాత్రంతా, ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగే స్థితిలో నడిపి చూసిన తర్వాతే మట్టి తోయించాలి.

అదే రోజున కందకం ఫోటోలు తీసి, బోరు కేసింగు నుంచి, ఇంటి మూల నుంచి, గేటు స్తంభం నుంచి ప్రతి వంపుకూ ఎన్ని మీటర్లో టేపుతో కొలిచి కాగితం మీద గీయాలి. ఆ కాగితం నకలు ఒకటి పాసు పుస్తకాలు ఉండే బీరువాలో, మరొకటి రికార్డరు ఉన్న పెట్టె తలుపు లోపలి వైపు అంటించి ఉంచాలి. వచ్చే ఏడాది కొత్త బోరుకో, కొత్త డ్రిప్ లైనుకో జేసీబీ వచ్చినప్పుడు డ్రైవరు చేతికి ముందుగా అందవలసింది అదే.